ఒకే రేకుల షెడ్డు, ముప్పై ఐదు మంది పిల్లలు, ఒక్క టీచర్: సండే స్కూల్ ఎలా నడపాలి?

సిస్టర్, వందనాలు. మీ ప్రశ్న పెద్దది కాబట్టి నాకు అర్థమైనంత ముందు కుదించి చెప్తాను. ఉదయగిరి దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చారు. పాస్టర్ గారు సండే స్కూల్ బాధ్యత మీకు అప్పగించారు. నాలుగేళ్ళ పాప నుంచి తొమ్మిదో తరగతి కుర్రాడి దాకా ముప్పై ఐదు మంది, ఒకే రేకుల షెడ్డు. చిన్నవాళ్ళది అల్లరి, పెద్దవాళ్ళేమో వెనక గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నారు. ఎవరో పదివేలు ఇస్తామన్నారు. దాంతో ప్రొజెక్టర్ కొనాలా, కీబోర్డ్ కొనాలా, పిల్లలు విసుగు లేకుండా కూర్చోవడానికి కొత్త ఐడియాలు ఏమైనా ఉన్నాయా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే రెండూ కొనొద్దు. ఇప్పుడు మీరొక్కరే చేస్తున్న పనిలో సగం పిల్లల చేతికి ఇవ్వండి. వారానికో కొత్త కథ అనే పరుగు మానేసి, ఒక్కో కథను రెండు ఆదివారాలు నడపండి: మొదటి వారం వినడం, రెండో వారం ఆ కథను పిల్లలే ఆడటమో, గీయటమో, కట్టటమో. సామాన్లు మీ ఊళ్ళోనే ఉన్నాయి, అవేమిటో కింద రాస్తాను.

నేను ఒంగోలు వైపు పల్లెల్లో చాలా ఏళ్ళుగా సండే స్కూల్ నడుపుతున్నాను. వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే వెకేషన్ బైబిల్ స్కూల్) టీచర్లకు ట్రైనింగ్ కూడా ఇస్తుంటాను. ప్రొజెక్టర్ వద్దని ఎందుకంటున్నానంటే, వాడటం మొదలుపెట్టిన సంఘాల్లో నేను చూసింది ఒకటే. మొదటి నెల షెడ్డు నిండుతుంది. మూడో నెలకి పిల్లలు "ఇది యూట్యూబ్‌లో చూసేశాం అక్కా" అంటారు. పైగా ఆదివారం తొమ్మిదింటికి కరెంటు పోతే ఆ రోజు పాఠం లేనట్టే. ఫోన్లో దొరికే దానితో ఫోన్‌ని ఓడించలేం. ఫోన్లో దొరకనిది పెట్టాలి.

ముందు గంటను పంచుకోండి

నాలుగేళ్ళ పిల్ల కథ మీద మనసు పెట్టేది మహా అయితే ఏడెనిమిది నిమిషాలు. పదమూడేళ్ళ వాడికి అదే కథ ఏడెనిమిదోసారి. ఇద్దరికీ కలిపి నలభై నిమిషాలు చెప్తే ఇద్దరూ మీకు దక్కరు. నేను గంటను ఇలా వాడతాను: పాటలు పది నిమిషాలు అందరూ కలిసి, కథ పది నిమిషాలు అందరూ కలిసి, తర్వాత ముప్పై నిమిషాలు మూడు గుంపులుగా పని, చివరి పది నిమిషాలు మళ్ళీ కలిసి కంఠత వాక్యం, ప్రార్థన.

మూడు గుంపులకు ముగ్గురు టీచర్లు కావాలి కదా అంటారు. పెద్దపిల్లలను విద్యార్థుల లెక్కలోంచి తీసేయండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళను చిన్న టీచర్లను చేయండి. రిజిస్టర్ ఒకరిది, చిన్నపిల్లల గుంపు ఇద్దరిది, సామాన్ల పెట్టె తాళం ఒకరిది. శనివారం సాయంత్రం అరగంట వాళ్ళను మీ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి రేపటి కథ ముందే చెప్పేయండి, టీ ఇవ్వండి. ఆ అరగంటే వాళ్ళ అసలు సండే స్కూల్. వెనక గోడ దగ్గర ఫోన్ చూసుకునే కుర్రాడికి పాఠం పట్టక కాదు, అక్కడ వాడికి పనేమీ లేక.

అయితే చిన్న టీచర్లను పెట్టినా, పెద్దవాళ్ళు ఇంకొకరు షెడ్డులో ఉండి తీరాలి. దాని గురించి చివర్లో చెప్తాను, అది ఐడియాల కంటే ముఖ్యం.

కొలిచే కథలు

నోవహు ఓడ కథను బొమ్మల చార్టు పట్టుకుని చెప్తే పిల్లల మనసులో మిగిలేది కిటికీలోంచి జిరాఫీ తల పెట్టిన చిన్న పడవ. ఆదికాండం 6లో ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని ఉంది. మూర అంటే మన పిల్లలకు తెలుసు, పూలమ్మే ఆమె దగ్గర రోజూ చూస్తారు. పది మూరల నులక తాడు ఒకటి కొలిచి తెంపండి. కోత అయిపోయిన కయ్యలోకి పిల్లలను తీసుకుపోండి. పొడవుకు ఆ తాడు ముప్పైసార్లు, వెడల్పుకు ఐదుసార్లు పరచాలి. నాలుగు మూలలా నలుగురు పిల్లలను నిలబెట్టండి.

తాడు కొలిచేటప్పుడే సగం పాఠం అయిపోతుంది. "ఎవరి మూరక్కా, నాదా నీదా?" అని తప్పకుండా అడుగుతారు. మూడో తరగతి పిల్ల మూరతో కొలిస్తే ఓడ మూడో వంతు తగ్గిపోతుంది. పెద్దమనిషి మూర అడుగున్నర వేసుకుంటే పొడవు 450 అడుగులు, వెడల్పు 75. లెక్క కడితే దాదాపు 77 సెంట్లు. మా దగ్గర ఒక పిల్లాడు ఆ లెక్క విని, "అంటే మా నాయన కౌలుకు చేసే మడి కంటే పెద్దదా!" అన్నాడు. ఆ మాట వచ్చాక ఇక మీరు ఓడ గురించి చెప్పాల్సింది పెద్దగా ఉండదు. ఎత్తు మాత్రం 45 అడుగులు, దానికి ఊళ్ళో వాటర్ ట్యాంకునో కొబ్బరిచెట్టునో చూపించండి.

గొల్యాతు కూడా ఇలాగే. ఆరు మూరల జేనెడు, అంటే తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు. చర్చి బయట గోడ మీద సుద్దముక్కతో ఆ ఎత్తున గీత గీసి, మీ దాంట్లో అందరికంటే పొట్టి పిల్లాడిని పక్కన నిలబెట్టి వాడి తల దగ్గర ఇంకో గీత గీయండి. పిల్లలు వారమంతా ఆ గోడ దగ్గరికి వచ్చి తమ ఎత్తు చూసుకుంటారు. అంతకు మించిన హోంవర్క్ నాకు తెలియదు.

ఏడు పెంకులాట: ఏడు రోజుల సృష్టి

నా దగ్గర అన్నిటికంటే బాగా నడిచింది ఇది, కాబట్టి వివరంగా రాస్తాను. ఏడు పెంకులాట పిల్లలందరికీ వచ్చు. మామూలు పెంకుల బదులు పగిలిన మార్కాపురం పలక ముక్కలు ఏడు తీసుకోండి. రాతిపలక చదునుగా ఉంటుంది, దొంతి బాగా నిలుస్తుంది. అంచులు పదును కాబట్టి గచ్చు మీద రుద్ది అరగదీయండి. ఈ పని పెద్దపిల్లలకు అప్పగించవచ్చు. పెద్ద ముక్క మొదటి రోజు, అన్నిటికంటే చిన్నది ఏడో రోజు. ఒక్కో దాని మీద పెయింటుతో బొమ్మ వేయించండి: వెలుగు, ఆకాశం, నేల-చెట్లు, సూర్యచంద్ర నక్షత్రాలు, చేపలు-పక్షులు, జంతువులు-మనిషి, ఏడోది ఖాళీ. ఖాళీ ఎందుకని వాళ్ళే అడిగి, "ఆ రోజు రెస్టు కదా" అని వాళ్ళే చెప్పుకుంటారు. అక్షరాలు రాయించవద్దు. చదవడం రాని పిల్లలు కూడా ఆటలో సమానంగా ఉండాలి.

ఆట మామూలే. బంతితో దొంతి కొట్టాలి, అవతలి జట్టు బంతితో కొట్టేలోపు మళ్ళీ పేర్చాలి. కొత్త రూలు ఒక్కటే: వరుస తప్పకూడదు, ముక్క పెట్టేటప్పుడు ఆ రోజు ఏం జరిగిందో అరిచి చెప్పాలి. చెప్పకుండా పెడితే ఆ ముక్క తీసేయాలి. రబ్బరు బంతి వద్దు, గుడ్డబంతి చుట్టుకోండి. అరగంట ఆడితే క్లాసులో సగం మందికి ఏడు రోజులూ వచ్చేస్తాయి. బడిలో చదువు రాదని పేరు పడిన ఒక పిల్లాడు మా దగ్గర అందరికంటే వేగంగా పేర్చేవాడు, జట్లు కట్టేటప్పుడు వాడి కోసం కొట్లాట.

ఈ ఆటలోనే ఒక పిల్ల పలక ముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయి, "సూర్యుడు నాలుగో రోజయితే మొదటి రోజు వెలుగు ఎక్కడిదక్కా?" అంది. అలాంటి ప్రశ్న వస్తే జవాబు తొందరపడి ఇవ్వకండి. చార్టు మీద రాసి గోడకు అంటించి, ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని ఆ పిల్లతోనే అడిగించండి. ప్రశ్న అడిగితే తిట్టరని ఆ పిల్లకు తెలియడం, మీరు చెప్పే జవాబు కంటే విలువైనది.

తొక్కుడుబిళ్ళ గళ్ళలో బైబిలు పుస్తకాల పేర్లు రాసి గెంతించడం కూడా చేస్తాం. మొత్తం 66 పుస్తకాలు ఒకేసారి కుదరవు. మొదటి ఐదు, తర్వాత సువార్తలు నాలుగు, అలా చిన్న కట్టలుగా.

పిల్లలనే పాఠం చెప్పనివ్వండి

మన జిల్లాలకు ఉన్న అదృష్టం ఏమిటంటే, యేసు ప్రభువు చెప్పిన ఉపమానాల్లోని పనులన్నీ మన పిల్లల ఇళ్ళలోనే ఉన్నాయి. గొర్రెలు, వలలు, ఉప్పు, విత్తనాలు, కూలికి పిలిచే మేస్త్రి. మనమేమో విదేశీ బొమ్మల పుస్తకంలోని తెల్లటి ఉన్ని గొర్రె చూపించి, "గొర్రె అంటే ఏంటి పిల్లలూ" అని అడుగుతాం. మన నెల్లూరు గొర్రెకు ఆ ఉన్ని ఎక్కడిది!

ఒకసారి తప్పిపోయిన గొర్రె కథ చెప్తున్నాను, లూకా 15. తొంభై తొమ్మిదిని అడవిలో వదిలి ఒక్కదాని కోసం పోయాడు అన్నాను. నేను చెప్తున్నది మీ ఊళ్ళలాంటి మెట్ట ఊళ్ళోనే. గొర్రెలున్న ఇంటి పిల్లాడు ఒకడు నవ్వాడు. ఎందుకురా అంటే, "ఏందక్కా, ఊరికే వదిలేసి పోతారా? మా నాయనయితే మందని మా చిన్నాయన మందలో కలిపి పోతాడు. కుక్కలు పడితే ఎట్టా?" అన్నాడు. కథ అక్కడితో ఆపి వాణ్ణి ముందుకు పిలిచాను. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు గొర్రెలను ఎలా లెక్కపెడతారో, ఒకటి తగ్గితే ఏది తగ్గిందో ఎలా తెలుస్తుందో, కళ్ళ చుట్టూ నల్లమచ్చలుండే జొడిపి గొర్రెల్లో కూడా ఒక్కోదాన్ని మొహం చూసి ఎలా గుర్తుపడతారో పది నిమిషాలు చెప్పాడు. అప్పటిదాకా ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు. ఆ తర్వాత "మంచి కాపరి" అన్న మాటకు నేను వేరే వివరణ ఇవ్వలేదు.

అల్లూరు వైపు ఒక పట్టపుపాళెం (జాలర్ల పల్లె)లోనూ ఇదే జరిగింది. లూకా 5లో పేతురు రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు, పగలు మళ్ళీ వేయమన్నారు ప్రభువు. దానికి అక్కడి పిల్లలు "రాత్రి పడనిది పగలేం పడతాయి, పగలు చేపకి వల కనపడదా" అన్నారు. పేతురు "నీ మాట చొప్పున" అనడంలో ఎంత బరువుందో ఆ మాటతోనే తేలింది.

కాబట్టి కథ ఎంచుకునే ముందు మీ పిల్లల ఇళ్ళలో ఎవరు ఏ పని చేస్తారో రిజిస్టర్‌లో రాసుకోండి. యేసును చూడటానికి చెట్టెక్కిన జక్కయ్య కథకు మేడిచెట్టు మీ దగ్గర్లో ఉంటే షెడ్డులో చెప్పకండి, చెట్టు కిందే చెప్పండి. ఎక్కించడం మాత్రం వద్దు, మేడి కొమ్మ పెళుసు.

సామాన్ల పెట్టె

ఆ పదివేలల్లో ఎక్కువ భాగం మిగిలిపోయే లిస్టు ఇది.

పాత ఫ్లెక్సీలు. ఎన్నికలు, పుట్టినరోజులు అయిపోయాక ఊళ్ళో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. వెనకవైపు తెల్లగా ఉండే రకం అడిగి తీసుకోండి. దాని మీద పెయింటుతో గలిలయ సముద్రం, యెరూషలేము దారి మ్యాపు, నాటకానికి వెనక తెర, ఏదైనా వేయొచ్చు. కింద పరిస్తే పిల్లలు మ్యాపు మీద నడవొచ్చు. ఎవరి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ అయినా బొమ్మవైపు గోడకు తిప్పి కట్టండి, లేకపోతే ఊళ్ళో లేనిపోని రాజకీయం.

గొంగళి బోర్డు. ఫ్లానెల్ బోర్డు అని కొనక్కర్లేదు. ప్లైవుడ్ ముక్క మీద పాత గొంగళి బిగించి కట్టండి. పిల్లలు గీసిన బొమ్మలు కత్తిరించి వెనక గరుకు కాగితం ముక్క అంటిస్తే గొంగళికి పట్టుకుని నిలుస్తాయి. కథ నడుస్తుంటే బొమ్మలు జరపొచ్చు. నాలుగేళ్ళ పిల్లలకు దీన్ని మించింది లేదు.

పలకలు. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, కాగితం ఇస్తే "నాకు గీయడం రాదు" అనే పిల్లలు పలక ఇస్తే గీసేస్తారు. చెరిపేయొచ్చు కదా, టెన్షన్ ఉండదు.

చెక్క గరిటెలు. ఉదయగిరి పక్కన ఉండి మీరు బొమ్మలు బయట కొనడం ఏమిటి! మీ ఊరి చెక్క స్పూన్లు, గరిటెలు దేశమంతా పోతున్నాయి. చేసేవాళ్ళ దగ్గర వంకరపోయినవి, పగిలినవి ఉంటే అడగండి. గుండ్రటి వైపు మొహం గీసి, మెడకు గుడ్డపేలిక కడితే బొమ్మ. రెండు కుర్చీల మధ్య దుప్పటి కట్టి దాని వెనక నుంచి ఆడించాలి. తండ్రి, చిన్నకొడుకు, పెద్దకొడుకు, మూడు గరిటెలతో తప్పిపోయిన కుమారుని కథ అయిపోతుంది. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క మధ్యలో దూరి నవ్వించినట్టు, మీరు కూడా అల్లరి గరిటె ఒకటి పెట్టుకోండి. పిల్లలు అడగడానికి భయపడే ప్రశ్నలన్నీ ఆ గరిటెతో అడిగించండి.

పాత ఎక్స్‌రే షీటు, చాట, బకెట్. ఇవి ఆడియో నాటకానికి. ఫోన్‌ను పూర్తిగా వద్దనను, పిల్లలు దాని ముందు కూర్చోకుండా దాంతో ఏదైనా తయారు చేయాలంటాను. మార్కు 4లో తుఫాను కథను మా పిల్లలు రికార్డు చేశారు. ఎక్స్‌రే షీటు ఊపితే ఉరుము, చాటలో బియ్యం చెరిగితే వాన, బకెట్లో నీళ్ళు చేత్తో కొడితే అలలు. "ఊరకుండుము" అన్న మాట తర్వాత అందరూ ఒక్కసారి ఆపేయాలి. ఆ నిశ్శబ్దం సరిగ్గా రావడానికే ఎక్కువ ప్రాక్టీసు పట్టింది. దాన్ని వాట్సాప్‌లో ఇళ్ళకు పంపాం. బేల్దారి పనికి బెంగళూరు, చెన్నై పోయిన తండ్రులు రాత్రిపూట విని పిల్లలకు ఫోన్ చేశారు. ప్రొజెక్టర్‌కి ఆ పని చేతకాదు.

ఇవి కాక కొనాల్సినవి: తాళం వేసే రేకు పెట్టె, సుద్దముక్కలు, పెయింటు డబ్బాలు, చార్టులు, బట్టల క్లిప్పులు, కంజీర ఒకటి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. కీబోర్డ్ వాయించేవాళ్ళు వచ్చినప్పుడు కీబోర్డ్ గురించి ఆలోచిద్దాం.

పెద్దపిల్లలకు బుర్రకథ

ఏడు నుంచి పదో తరగతి వాళ్ళకు స్కిట్ అంటే సిగ్గు, బుర్రకథ అంటే హుషారు. కథకుడు ఒకరు, అటూ ఇటూ ఇద్దరు వంతలు, "తందానా తాన" అంటే మిగతా పిల్లలంతా కోరస్. తంబురా లేకపోతే కర్రకు సొరబుర్ర కట్టినా చాలు. మా వాళ్ళు యోనా కథ కట్టారు, దేవుడు నీనెవె పట్టణానికి పొమ్మంటే తర్షీషు ఓడ ఎక్కి పారిపోయి చేప కడుపులో పడ్డ ప్రవక్త కథ. హాస్యం చెప్పే వంత "తర్షీషుకు టికెట్టు ఎంతన్నా?" అని అడిగితే కథకుడు "కట్టాడయ్యా, ఓడ చార్జీ కట్టాడని బైబిల్లోనే ఉంది" అంటాడు. నిజమే, మొదటి అధ్యాయం మూడో వచనంలో ఉంది. రెండో వంత మాత్రం ఈ ఊరి సంగతిలోకి లాగాలి. నీనెవె వాళ్ళంటే యోనాకు ఎందుకు పడలేదు, మన ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడరు అని. చాలామంది చేప దగ్గరే కథ ఆపేస్తారు. నాలుగో అధ్యాయంలో సొరచెట్టు ఎండిపోయిందని యోనా అలిగిన ఘట్టం వదలొద్దు, ఈ వయసు పిల్లలకు అతికేది అదే. రాయడం మీరు పెట్టుకోకండి. పిల్లలు రాసింది మీరు సరిచూడండి, వాక్యంలో లేని మాట దేవుని నోట పెట్టకుండా చూస్తే చాలు.

కంఠత వాక్యం గురించి ఎక్కువ చెప్పను. పొట్టి వాక్యం తీసుకోండి, ముందు ఇంట్లో మాట్లాడే తెలుగులో అర్థం చెప్పండి. మాటలు విడివిడిగా చీటీల మీద రాసి తాడుకు క్లిప్పులతో వేలాడదీసి, ఒక్కో చీటీ తీసేస్తూ చదివించండి. ఆఖరికి ఖాళీ తాడు చూసి చదువుతారు. ఒక వాక్యం రెండు వారాలు.

మన దగ్గరి చరిత్ర

పిల్లలకు పౌలు ప్రయాణాలు తెలుసు, తమ ముత్తాతల సంగతి తెలియదు. ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. 1866లో అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది తేదీల పాఠంగా చెప్తే నిద్రపోతారు. కూలి దొరకని ఇంట్లో ఆ రోజు ఏం వండి ఉంటారు అన్న దగ్గర మొదలుపెట్టండి. తర్వాత పిల్లలను ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గరికి పంపండి: మన ఇంట్లో మొదట ప్రభువును నమ్ముకున్నది ఎవరు, మన చర్చి మొదట తాటాకు పాకా, ఇప్పుడున్న చోటేనా? విన్నది వచ్చే వారం చెప్పాలి. మా దగ్గర ఈ పని ఇచ్చాక, ఆరాధనకు రావడం మానేసిన ఒక అవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని, "నువ్వు తప్పు చెప్తావేమోనే" అంటూ తానే వచ్చి కూర్చుంది. మీది వేరే మిషన్ సంఘమైతే ఆ చరిత్ర పట్టుకోండి. ఎవరి ఊరి కథ వాళ్ళదే.

చేయకూడనివి కొన్ని

హాజరుకు ప్రైజులు పెట్టకండి. పొగాకు సీజన్‌లో కొండపి, టంగుటూరు వైపు తల్లులు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పనికి పోతే పెద్దపిల్ల ఇంట్లో చంటివాణ్ణి చూసుకోవాలి. ఆ పిల్లకు ప్రైజు రాకపోవడం ఆమె తప్పా? అసలు 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టిందే వారమంతా పనిలో ఉండి ఆదివారం మాత్రమే ఖాళీ దొరికే పిల్లల కోసం. చంటివాణ్ణి ఎత్తుకుని రమ్మనండి, మూల ఒక చాప వేయండి. బొరుగులు, వేయించిన శనక్కాయలు పెడితే వచ్చిన అందరికీ పెట్టండి, జవాబు చెప్పిన వాళ్ళకు మాత్రమే అని కాదు.

నరకం బొమ్మలు చూపించి భయపెట్టొద్దు. ఆ రాత్రి భయంతో పక్క తడిపే పిల్లలను చూసుకోవాల్సింది మీరు కాదు, వాళ్ళ తల్లులు.

వేరే మతం ఇళ్ళ పిల్లలు పాటలకూ ఆటలకూ వస్తారు. రానివ్వండి, కానీ తల్లినో తండ్రినో స్వయంగా కలిసి ఒప్పుకున్నాకే. ఏం చెప్తామో దాచకుండా చెప్పండి. తిండి ఆశ చూపడం, పిల్లల చేత ఏదో ఒప్పించడం, నుదుటి బొట్టు గురించి వ్యాఖ్యలు, ఇవేవీ వద్దు. ఫొటోలు కూడా అంతే, ఏ ఇంటి పిల్లలవైనా అడగకుండా స్టేటస్‌లో పెట్టకండి.

భద్రత: ఇక్కడ రాజీ లేదు

పిల్లలున్న చోట ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. మీరొక్కరే ఉన్నానన్నారు, కాబట్టి వచ్చే ఆదివారం లోపు చేయాల్సిన మొదటి పని రెండో మనిషిని వెతకడం. పాఠం చెప్పడం రాకపోయినా పర్వాలేదు, గుమ్మం దగ్గర కూర్చునే ఒక పెద్దమ్మ చాలు. తలుపు మూయకూడదు. ఎంత నమ్మకస్తులైనా, పాస్టర్ గారైనా, ఒక పిల్లను ఒంటరిగా గదిలోకి పిలవడం, బండి మీద ఒక్కదాన్నే దింపడం ఉండకూడదు. ఈ రూలు అందరికీ ఒకటేనని ముందే కమిటీలో చెప్పి రాయించండి, అప్పుడు ఎవరూ వ్యక్తిగతంగా తీసుకోరు.

పిల్ల ఏదైనా చెప్పుకుంటే "నువ్వు చెప్పి మంచి పని చేశావు" అనండి, గుచ్చి గుచ్చి అడగకండి, సంఘం పరువు అని కప్పకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే, తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. దాన్ని షెడ్డు గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో పెయింటుతో రాయించండి.

మైపాడు బీచికో, సోమశిల డ్యామ్‌కో పిక్నిక్ అంటారు. ఐదుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి లేకపోతే వెళ్ళొద్దు, వెళ్ళినా నీళ్ళలోకి దిగొద్దు.

ఇక వీబీఎస్ సంగతి. మే నెలలో పెట్టుకుంటే ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదింటికల్లా పిల్లలను ఇళ్ళకు పంపేయండి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పదకొండు తర్వాత పెద్దవాళ్ళే కూర్చోలేరు. మజ్జిగ కుండ, ఉప్పు, నిమ్మకాయలు సిద్ధంగా ఉంచండి. పది రోజులూ పది కథలు పెట్టకుండా ఒకే మనిషి జీవితం తీసుకోండి. యోసేపు అయితే బాగా సాగుతుంది, ప్రతిరోజూ "తర్వాత ఏమైందక్కా" అనే చోట ఆపొచ్చు. ఆఖరి రోజు కార్యక్రమం ఉదయం కాకుండా రాత్రి ఏడింటికి పెట్టండి, కూలికి పోయిన అమ్మానాన్నలు చూసేది అప్పుడే. శనివారం క్లాసుకు చిన్న టీచర్లుగా ఎవరెవరిని తీసుకోవాలో తేల్చుకోలేకపోతే, వాళ్ళ వయసులు, వాళ్ళకు ఏమేం వచ్చో కింద రాయండి, చూసి చెప్తాను.